ఉక్కు వ్యర్థంతో రేడియేషన్ గోడ: ఎక్కడ లాభం, ఎక్కడ ప్రమాదం

క్యాన్సర్ ఆసుపత్రిలో 6 మెగావోల్టుల లీనియర్ యాక్సిలరేటర్ (రేడియేషన్ చికిత్స యంత్రం) పెట్టే బంకర్‌కి, అంటే మందపాటి గోడల గదికి, కిరణం నేరుగా పడే చోట మామూలు కాంక్రీటు గోడ సుమారు 2 మీటర్ల మందం వస్తుంది. ఘనపు మీటరుకు 3,700 కిలోల సాంద్రత ఉన్న భార కాంక్రీటుతో కడితే 1.27 మీటర్లు సరిపోతుంది. గోడకు 73 సెంటీమీటర్ల స్థలం కలిసొస్తుంది. బరువు మాత్రం తగ్గదు. 2 మీటర్ల మామూలు గోడ చదరపు మీటరుకు 4,700 కిలోలు, 1.27 మీటర్ల భారగోడ కూడా 4,700 కిలోలే. పునాదికి తేడా తెలియదు.

ఉక్కు కర్మాగారాల వ్యర్థాన్ని రేడియేషన్ కవచంగా వాడాలన్న ఆలోచనను ఈ లెక్క దగ్గర నుంచే చూడాలి. స్లాగ్ (లోహం కరిగించినప్పుడు మిగిలే చిట్టెం), మిల్లు స్కేల్ (ఉక్కు రోల్ చేసేటప్పుడు రాలే పొలుసు), పంచింగ్ ముక్కలు (ఉక్కుకు రంధ్రాలు కొట్టినప్పుడు రాలే బిళ్లలు) కాంక్రీటుకు సాంద్రతను ఇస్తాయి. సాంద్రత వల్ల కలిసొచ్చేది స్థలం. స్థలానికి ధర ఉన్న చోట, అంటే నగరం నడిబొడ్డు ఆసుపత్రిలోనో, పాత బంకర్‌లో కొత్త యంత్రం ఇరికించాల్సిన చోటో ఈ పద్ధతి గిట్టుబాటవుతుంది. ఊరి బయట ఎకరాల స్థలంలో కట్టేవాళ్లు మామూలు కాంక్రీటు ఇంకో 73 సెంటీమీటర్లు పోసుకుంటే చాలు. వ్యర్థం ఉచితంగా వస్తుందనే ఒక్క కారణంతో దీని జోలికి వెళ్లడం దండగ. శుభ్రం చేయడం, పరీక్షించడం, జాగ్రత్తగా పోయడం అనే మూడు పనులకే ఆ మిగులు ఖర్చైపోతుంది.

కిరణం శక్తిని బట్టి పదార్థం

గామా కిరణం శక్తి ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్టు చుట్టుపక్కల ఉంటే, దాన్ని ఆపడంలో మూలకాల మధ్య తేడా దాదాపు చెరిగిపోతుంది. కోబాల్ట్-60 కిరణాలకు (సగటున 1.25 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు) కాంక్రీటు, ఇనుము, సీసం మూడింటి ద్రవ్యరాశి క్షీణతా గుణకం (ఒక్కో గ్రాము కిరణాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) గ్రాముకు 0.053 నుంచి 0.059 చదరపు సెంటీమీటర్ల మధ్యే ఉంటుంది. ఇక్కడ పనిచేసేది కాంప్టన్ పరిక్షేపణం, అంటే కిరణం ఎలక్ట్రాన్లను ఢీకొని చెదరడం. దానికి కావాల్సింది ఎలక్ట్రాన్లు, ఎలక్ట్రాన్లు కావాలంటే ద్రవ్యరాశి. అందుకే కోబాల్ట్ కిరణాన్ని సగానికి తగ్గించడానికి ఘనపు మీటరుకు 2,350 కిలోల మామూలు కాంక్రీటు 5.1 సెంటీమీటర్లు పడితే, 3,700 కిలోలది 3.4 సెంటీమీటర్లు పడుతుంది. ఏ పదార్థంతో ఆ బరువు వచ్చిందన్నది పెద్దగా లెక్కలోకి రాదు.

ఆసుపత్రి ఎక్స్-రే, సీటీ గదుల్లో సంగతి వేరు. అక్కడ ఫోటాన్ల శక్తి 30 నుంచి 120 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ కాంతి విద్యుత్ శోషణం దాదాపు మూడు నాలుగు ఘాతాల వేగంతో పెరుగుతుంది. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర గ్రాముకు కాంక్రీటు గుణకం 0.27, ఇనుముది 1.2, సీసానిది 5. బేరియం సీసాన్ని కూడా మించిపోతుంది. దాని కె-అంచు (శోషణం ఒక్కసారిగా ఎగిసే శక్తి) 37.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే సీసానిది 88 దగ్గర ఉండటమే కారణం. కాబట్టి 37 నుంచి 88 దాకా గ్రాముకు గ్రాము బేరియమే మెరుగు. 88 దాటగానే సీసం మళ్లీ ముందుకొస్తుంది.

ఈ చిన్న విషయం తెలియక జరిగే పొరపాటు పెద్దది. బేరియం కలిపిన టైలు మీద ‘2 మి.మీ. సీసానికి సమానం’ అని రాసి ఉంటే, అది ఏ కిలోవోల్టుల దగ్గర కొలిచిన విలువో కూడా రాసి ఉండాలి. 100 కిలోవోల్టుల దగ్గర సరైన అంకె 150 దగ్గర తక్కువ పడుతుంది. అదే టైలును న్యూక్లియర్ మెడిసిన్ గదికి తీసుకెళ్లి, టెక్నీషియం-99ఎమ్ విడుదల చేసే 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాకు అడ్డుపెడితే ఆ లేబుల్ అబద్ధమే. పెట్ స్కాన్‌లో 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాన్ని 2 మి.మీ. అసలు సీసం కూడా ఏపాటికీ ఆపదు. నాలుగింట మూడు వంతులకు పైగా దాటి వెళ్లిపోతుంది.

న్యూట్రాన్లకు ఇంకో లెక్క. 10 మెగావోల్టులు దాటిన యాక్సిలరేటర్లలో న్యూట్రాన్లు కూడా పుడతాయి. వేగంగా వచ్చే న్యూట్రాన్‌ను ఇనుము అస్థితిస్థాపక ఢీకొనడంతో (న్యూట్రాన్ శక్తిలో కొంత ఇనుప కేంద్రకం తీసేసుకోవడంతో) నెమ్మది చేస్తుంది, అయితే 0.85 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కంటే పైనే. ఆ కిందకు దిగాక పని హైడ్రోజన్‌ది, అంటే సిమెంటులో బంధించి ఉన్న నీటిది. పైగా ఇనుముకు 24 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కిటికీ లాంటి ఖాళీ ఉంది. ఆ శక్తి ఉన్న న్యూట్రాన్లు ఇనుములోంచి చాలా దూరం జారిపోతాయి. నెమ్మదించిన న్యూట్రాన్‌ను ఇనుము పట్టుకున్నప్పుడు 7.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గట్టి గామా కిరణాలు బయటికొస్తాయి. అందుకే 15 మెగావోల్టుల యంత్రానికి ‘ఇనుము ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అనుకుని గోడ పలచన చేస్తే గామా లెక్క సరిపోతుంది, న్యూట్రాన్ లెక్క తప్పుతుంది.

ఏ వ్యర్థం, ఏ తంటా

మిల్లు స్కేల్ అంటే ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను రోల్ చేసేటప్పుడు పైనుంచి రాలే పొలుసు. దాదాపు అంతా ఇనుప ఆక్సైడే, అందులో ఇనుము 70 శాతం వరకు ఉంటుంది. నిజ సాంద్రత ఘన సెంటీమీటరుకు 5 గ్రాముల దరిదాపు. ఎక్కువ భాగం 5 మి.మీ. లోపు ఉంటుంది కాబట్టి ఇసుక స్థానంలో సరిగ్గా ఒదుగుతుంది. చిక్కంతా నూనెతో. రోలింగ్ యంత్రాల కందెన నీటితో కలిసి వచ్చి సన్నటి పొడికి పట్టేస్తుంది. నూనె పట్టిన రేణువును సిమెంటు పట్టుకోదు, గాలి బుడగలు ఎక్కువవుతాయి, బలం పడిపోతుంది. గాజు సీసాలో గుప్పెడు స్కేల్ వేసి వేడినీళ్లు పోసి కుదిపితే పైన రంగుల పొర తేలితే ఆ సరుకును అలాగే వాడకూడదు. తేలకపోయినా ప్రయోగశాలలో నూనె శాతం కొలిపించాలి. సెటిలింగ్ చెరువు అడుగున దొరికే బురద స్కేల్‌ను మొదటే పక్కన పెట్టడం మంచిది. విశాఖ ఉక్కు లాంటి సమగ్ర కర్మాగారాల్లో శుభ్రమైన స్కేల్ తిరిగి సింటర్ ప్లాంటుకు (ఖనిజపు పొడిని కాల్చి ముద్దలు చేసే చోటుకు) వెళ్లిపోతుంది, ఎందుకంటే అది మంచి ఇనుప ఖనిజంతో సమానం. బయటికొచ్చేది ఎక్కువగా నూనె పట్టిందే. చవగ్గా దొరికే స్కేల్ ఎందుకు చవకో కొనేముందే అడగాలి.

స్టీల్ స్లాగ్ సాంద్రత 3.2 నుంచి 3.6. గట్టిగా, గరుకుగా ఉంటుంది, కంకరగా చూస్తే ముచ్చటేస్తుంది. లోపల మిగిలిన స్వేచ్ఛా సున్నం, మెగ్నీషియా మాత్రం నెలల తరబడి నీరు పీల్చి ఉబ్బుతాయి. గోడ పోసిన ఏడాదికి పెచ్చులు ఊడటం, బీటలు రావడం ఇలాగే మొదలవుతుంది. ఆరుబయట నెలల పాటు తడుపుతూ ఆరబెట్టాలి, లేదా ఆవిరి పట్టాలి. ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్రలో) వ్యాకోచం కొలవాలి. కాంక్రీటు కంకరకు భారత ప్రమాణమైన ఐఎస్ 383 (2016 సవరణ) స్టీల్ స్లాగ్‌ను సాదా కాంక్రీటులో 25 శాతం వరకు అనుమతించి, ఇనుప చువ్వలు ఉన్న కాంక్రీటులో అసలు వద్దంటుంది. అదే ప్రమాణం కాపర్ స్లాగ్‌ను సన్న కంకరగా (ఇసుక స్థానంలో) సాదా కాంక్రీటులో 40, చువ్వల కాంక్రీటులో 35 శాతం వరకు ఒప్పుకుంటుంది. కాపర్ స్లాగ్ గాజులాంటి నల్ల రేణువు, సాంద్రత 3.5 నుంచి 3.9, నీరు దాదాపు పీల్చదు. ఆ నునుపుదనం వల్లే ఎక్కువ వేస్తే నీరు పైకి ఊరి, పై పొర బలహీనపడుతుంది.

పంచింగ్ ముక్కలు, ఉక్కు గుండ్లు 7.8 సాంద్రతతో అందరికంటే బరువు. ఇక్కడ చూడాల్సింది కలగలుపు. తుక్కులో జింకు పూత రేకు ముక్కలో, అల్యూమినియం రజనో కలిస్తే సిమెంటు క్షారం వాటితో చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. తడి కాంక్రీటులో బుడగలు పుట్టి గోడ నిండా రంధ్రాలు మిగులుతాయి. లేత్ యంత్రం చుట్టలు చుట్టలుగా విడిచే ఇనుప రజను కూడా తలనొప్పే. నూనె సరేసరి, మిక్సర్‌లో ఉండలు కట్టి మధ్యలో ఖాళీ వదులుతుంది. ఫెర్రోఫాస్ఫరస్‌ను (ఇనుము, భాస్వరం కలిసిన బరువైన పదార్థం) సిమెంటులో కలిపితే మండే గుణం, విషగుణం ఉన్న వాయువులు వెలువడతాయి. బరువు బాగున్నా దాన్ని ఆసుపత్రి గోడకు ఎంచుకోవడానికి కారణం కనిపించదు. సీసం, జింకు శుద్ధి చేసే చోట వచ్చే స్లాగ్‌లు సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి. సిమెంటులోని ఎక్కువ క్షారతలో సీసం కరిగి బయటికి ఊరుతుంది కూడా. పాత టీవీ గొట్టాల సీసపు గాజుదీ ఇదే కథ, దానికి తోడు గాజు సిలికా క్షారంతో చర్య జరిపి ఉబ్బుతుంది.

ఆపే గోడే వెదజల్లితే

తుక్కు ఉక్కులో రేడియోధార్మిక మూలం కలిసిపోవడం ఊహాజనిత భయం కాదు. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత పరికరంలోని కోబాల్ట్-60ను విడగొట్టారు. ఒకరు చనిపోయారు. 1980ల తొలినాళ్లలో తైవాన్‌లో కోబాల్ట్-60 కలిసిన చువ్వలతో ఇళ్లు, బడులు కట్టేశారు, విషయం బయటపడింది 1992లో. 1998లో స్పెయిన్‌లోని లాస్ బారియోస్ ఉక్కు కర్మాగారంలో సీజియం-137 మూలం ఒకటి కొలిమిలో కరిగిపోయింది.

స్పెయిన్ ఉదంతం కవచం తయారుచేసేవాళ్లకు ఉపయోగపడే పాఠం. కరిగినప్పుడు ఏ మూలకం ఎక్కడికి చేరుతుందో దాదాపు స్థిరంగా ఉంటుంది. కోబాల్ట్ ఉక్కులోనే ఉండిపోతుంది. సీజియం ఆవిరై పొగ గొట్టపు ధూళిలో చేరుతుంది. రేడియం, థోరియం, అమెరీషియం స్లాగ్‌లోకి పోతాయి. అంటే ఉక్కు దిమ్మెను కొలిచి ‘శుభ్రం’ అన్నంత మాత్రాన దాని ధూళి, స్లాగ్ శుభ్రమని కాదు. ఏ వ్యర్థాన్ని గోడలో కలుపుతున్నారో ఆ వ్యర్థాన్నే, ప్రతి లోడునూ విడిగా కొలవాలి. గేటు దగ్గర లారీలను కొలిచే పోర్టల్ మానిటర్ పెద్ద మూలాన్ని పట్టుకుంటుంది. సన్నగా పరుచుకున్న కాలుష్యాన్ని పట్టాలంటే నమూనాను గామా స్పెక్ట్రోమీటర్‌లో (కిరణాల శక్తిని బట్టి మూలకాన్ని గుర్తించే పరికరం) పెట్టాల్సిందే. విద్యుత్ ఆర్క్ కొలిమి ధూళిని ఈ పరీక్ష లేకుండా ముట్టుకోకపోవడమే మంచిది.

కాలుష్యం ఎంతో ముందే తెలిసి, ఆ ఇనుమును అణు పరిశ్రమ లోపలే వాడుకుంటే అది వేరే విషయం. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో సీంపెల్‌కాంప్ సంస్థ 1989 నుంచి కార్లా అనే కొలిమిలో స్వల్ప కాలుష్యం ఉన్న తుక్కును కరిగించి, వ్యర్థాల పెట్టెలు, కవచపు దిమ్మెలుగా పోతపోసింది. అవి వెళ్లేది మళ్లీ అణు కేంద్రాలకే.

సహజ రేడియోధార్మికత సంగతి బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు మిగిలే రెడ్ మడ్, అంటే ఎర్ర బురద దగ్గర ఎదురవుతుంది. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర వరకు ఇది మిగులుతుంది. విశాఖ రేవు ద్వారా అల్యూమినా ఎగుమతి చేసే నాల్కో వారి దామన్‌జోడి రిఫైనరీ పక్కన కూడా దీని చెరువులే. ఇనుప ఆక్సైడ్ దండిగా ఉంటుంది, థోరియం, యురేనియం కూడా మట్టిలో కంటే ఎక్కువే. ఐరోపాలో నిర్మాణ సామగ్రికి ఒక సూచిక వాడతారు. కిలోకు రేడియం-226 బెకరల్స్‌ను (రేడియోధార్మికత కొలమానం) 300తో, థోరియం-232ను 200తో, పొటాషియం-40ను 3,000తో భాగించి కలపాలి. గోడ మొత్తం కట్టే సామగ్రికి మొత్తం 1 దాటకూడదు, పలచటి టైళ్ల వంటి పైపూతలకు 6 వరకు ఒప్పుకుంటారు. ఉదాహరణకు రేడియం 200, థోరియం 300, పొటాషియం 100 ఉన్న పదార్థానికి సూచిక 2.2. ఇటుకలకు పనికిరాదు, టైలుకు పనికొస్తుంది.

భోపాల్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్-ఆంప్రి చేసింది సరిగ్గా అదే. ఎర్ర బురదకు బరువైన మూలకపు సమ్మేళనం, బైండర్ కలిపి పింగాణీ పద్ధతిలో కాల్చి సీసం లేని ఎక్స్-రే టైళ్లు తయారుచేసింది. 12 మి.మీ. టైలు 100 కిలోవోల్టుల దగ్గర 2.15 మి.మీ. సీసానికి సమానమని ప్రకటించారు. కిలోవోల్టులు చెప్పి మరీ ప్రకటించడం గమనించదగ్గది. ఇలాంటి టైళ్లలో బేరియం ఏ రూపంలో ఉందన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. బేరియం సల్ఫేట్ కరగదు, హాని చేయదు. బేరియం కార్బొనేట్ విషం, కాలే దశలో అది పూర్తిగా మరో స్థిర సమ్మేళనంగా మారిపోవాలి.

టైళ్లు అవసరమయ్యే చోటు

మామూలు ఎక్స్-రే గదికి ఇంత హంగామా అక్కర్లేదు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధనావళి ప్రకారం కిరణం నేరుగా పడే గోడకు 35 సెంటీమీటర్ల ఇటుక, చెదిరిన కిరణాలు పడే గోడలకు 23 సెంటీమీటర్ల ఇటుక లేదా అంతకు సమానమైనది చాలు. తలుపులకు 1.7 మి.మీ. సీసం. హైదరాబాద్, విజయవాడల్లో అద్దె భవనం రెండో అంతస్తులో డయాగ్నోస్టిక్ సెంటర్ పెట్టేవాళ్లకు అసలు సమస్య 10 సెంటీమీటర్ల పార్టిషన్ గోడలు. 23 సెంటీమీటర్ల ఇటుక గోడ లేపితే చదరపు మీటరుకు 370 కిలోల దాకా స్లాబు మీద పడుతుంది. 12 మి.మీ. టైలు 40 కిలోల లోపే ఉంటుంది. లాభం కనిపించేది ఇక్కడే. టైళ్ల మధ్య సందును మామూలు గ్రౌట్‌తో నింపితే ప్రతి సందూ ఒక చీలికే. గ్రౌట్‌లో బెరైటీస్ (బేరియం సల్ఫేట్ ఖనిజం) పొడి కలపాలి, లేదా సందు వెనక అదే పదార్థపు పట్టీ వేయాలి. స్విచ్ బోర్డు పెట్టెల కోసం టైలును కోసినచోట కూడా అంతే.

బెరైటీస్ అనగానే రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట గుర్తొస్తుంది. ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చమురు బావుల డ్రిల్లింగ్‌కు పనికిరాని తక్కువ రకం రాయి కూడా కవచానికి పనికొస్తుంది. మెత్తటి రాయి కావడంతో మిక్సర్‌లో అరిగి పొడి పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఎక్కువసేపు తిప్పకూడదు.

ఒక ఘనపు మీటరు మిశ్రమం

3,700 కిలోల సాంద్రతకు లెక్క ఇలా వస్తుంది:

సిమెంటు 380 కిలోలు
నీరు 165 లీటర్లు
సూపర్ ప్లాస్టిసైజర్ (తక్కువ నీటితోనే మిశ్రమం జారేలా చేసే రసాయనం) 4 కిలోలు
కాపర్ స్లాగ్ (3.6) 432 కిలోలు
నూనె లేని మిల్లు స్కేల్ (5.0) 860 కిలోలు
హెమటైట్ (ఇనుప ఖనిజం) కంకర (4.6), 20 మి.మీ. లోపు, 1,858 కిలోలు
గాలి 1.5 శాతం

సన్న కంకరలో కాపర్ స్లాగ్ వాటా 33 శాతం, ఐఎస్ 383 హద్దు లోపే. మిల్లు స్కేల్ ఆ ప్రమాణంలో లేదు, కాబట్టి ట్రయల్ మిశ్రమాలు, బల పరీక్షలు చూపించి డిజైనర్ అనుమతి తీసుకోవాలి. కవచపు కంకరలకు అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎమ్ సీ637 పనికొస్తుంది. హెమటైట్ కొనలేకపోతే, దాని స్థానంలో ఘనపరిమాణం చొప్పున మూడు వంతులు గ్రానైట్ కంకర, ఒక వంతు పంచింగ్ ముక్కలు వేస్తే 3,450 దాకా వస్తుంది. అయితే 7.8 బరువు ముక్క 2.7 బరువు రాళ్ల మధ్య అడుగుకు జారుతుంది, ముఖ్యంగా వైబ్రేటర్ ఎక్కువసేపు ఉంచితే. అలాంటప్పుడు ముక్కలను ముందే సెంట్రింగ్ పెట్టెలో పేర్చి, కింద నుంచి గ్రౌట్ ఎక్కించే పద్ధతే భద్రం.

పై సాంద్రత తడి కాంక్రీటుది. 165 లీటర్లలో సిమెంటు బంధించుకునేది 90 లీటర్ల దరిదాపు. మిగతాది ఏళ్లలో ఆరిపోయి సాంద్రత 3,630కి దిగుతుంది. కవచం లెక్క ఈ పొడి అంకెతోనే వేయాలి. వెయ్యకపోతే పైన చెప్పిన 1.27 మీటర్లు రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ పడతాయి.

రెడీమిక్స్ లారీ 6 ఘనపు మీటర్లదైతే 3.9 మించి నింపకూడదు, దాని సామర్థ్యం బరువును బట్టి. 3 మీటర్ల ఎత్తు ఒకేసారి పోస్తే సెంట్రింగ్ అడుగున ఒత్తిడి చదరపు మీటరుకు 109 కిలోన్యూటన్లు, మామూలు కాంక్రీటుకైతే 71. అలవాటైన సపోర్టులు ఇక్కడ చాలవు, పలకలు ఉబ్బుతాయి. 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, వైబ్రేటర్‌ను మామూలు కంటే దగ్గర దగ్గరగా, తక్కువ సేపు దించాలి. మందమైన పోత కాబట్టి లోపలి వేడి కూడా చూసుకోవాలి. సిమెంటులో కొంత భాగాన్ని ఫ్లైయాష్‌తో (బొగ్గు బూడిదతో) భర్తీ చేసి, రాత్రి పూట పోయడం మేలు.

ప్రతి లోడు తడి సాంద్రతనూ కొలిచి రాసుకోవాలి. క్యూబు బలం బాగా వచ్చిందని సంతోషించేవాళ్లు ఉంటారు గానీ కవచానికి అది రెండో విషయం. డిజైన్‌లో రాసిన సాంద్రత కనిష్ఠం, సగటు కాదు. తక్కువ వచ్చిన లోడును గోడలో పోయకుండా వెనక్కి పంపాలి.

భారగోడకు ఇంకో గుణం ఉంది, పొరపాటును మామూలు గోడ కంటే తక్కువ సహిస్తుంది. 6 మెగావోల్టుల కిరణాన్ని పదో వంతుకు తగ్గించడానికి మామూలు కాంక్రీటు 33 సెంటీమీటర్లు, 3,700ది 21 సెంటీమీటర్లు. వైరు పైపు కింద కాంక్రీటు చేరక 10 సెంటీమీటర్ల బోలు మిగిలిందనుకోండి. మామూలు గోడలో ఆ చోట డోసు రెట్టింపు అవుతుంది, భారగోడలో మూడు రెట్లవుతుంది. పైపులను గోడకు అడ్డంగా సూటిగా దాటించకుండా వంపు తిప్పి వేయాలి. పోత ఆపాల్సి వస్తే జాయింటు మెట్ల ఆకారంలో ఉండాలి.

30, 40 సెంటీమీటర్ల గోడలను చేతితో మోసే గామా మూలంతో, అనుమతి ఉన్న సంస్థ ద్వారా గడులుగా విభజించి పరీక్షించవచ్చు. 1.27 మీటర్ల భారగోడలోంచి ఆ మూలం ఏమీ చెప్పదు, కిరణాన్ని పదో వంతుకు తగ్గించే మందానికి ఆరు రెట్లు అది. అక్కడ ఆధారం లోడు రికార్డులు, కోర్ నమూనాలు (గోడలోంచి తొలిచి తీసిన కడ్డీలు), చివరికి యంత్రం పెట్టాక పూర్తి కిరణంతో గోడ బయట చేసే సర్వే. ఆ సర్వేలో ఒక చోట అంకె ఎక్కువ వస్తే గోడను తవ్వడం దాదాపు కుదరదు. ఆ మచ్చ మీద బయటి వైపు ఉక్కు పలక బిగించడమే మార్గం. పలక మందం, లంగర్లు బిగించే చోటు డిజైన్ దశలోనే నిర్ణయించి, గోడ బయట ఆ మేరకు ఖాళీ వదిలితే తర్వాత కారిడార్‌ను పగలగొట్టే పని ఉండదు.